అక్కను మొద్దు అనకండి

పిల్లలూ,

దసరా సెలవులకు మీరంతా కడపలో చేరినప్పుడు మీలో ఎవరో అక్కను "మొద్దు" అన్నారని తెలిసింది. ఎవరన్నారో నాకు అక్కర్లేదు. అక్క ఒంట్లో ఏం జరుగుతుందో మీకెవరూ సరిగా చెప్పలేదు కాబట్టి నేనే రాస్తున్నా.

అక్కకు ఉన్నది తలసీమియా మేజర్. ఊపిరితిత్తుల నుంచి ఆక్సిజన్‌ను ఒళ్ళంతా మోసే హిమోగ్లోబిన్ ఆమెకు సరిగా తయారు కాదు, అందుకే మూడు వారాలకోసారి ఆసుపత్రిలో రక్తం ఎక్కిస్తారు. అది అంటుకునే జబ్బు కాదు. మీ పెద్దనాయనకూ పెద్దమ్మకూ చెడిన జన్యువు ఒక్కొక్కటి ఉంది. ఒక్కటే ఉన్నవాళ్ళకు పెద్ద ఇబ్బందేమీ ఉండదు, ఉన్నట్టు కూడా తెలియదు. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ఉంటే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మన వైపు మేనరికాలు ఎక్కువ కదా, దగ్గరి చుట్టాల మధ్య పెళ్ళయితే ఇద్దరిలోనూ అదే జన్యువు ఉండే అవకాశం పెరుగుతుంది. ఏ జన్మ పాపమో అని పెద్దమ్మ ముందు ఎవరైనా అంటే వచ్చి నాకు చెప్పండి, నేను మాట్లాడతాను.

ఇక చదువు సంగతి. రక్తం ఎక్కించే రోజు దగ్గరపడేకొద్దీ హిమోగ్లోబిన్ తగ్గుతుంది, మెదడుకు అందాల్సిన ఆక్సిజనూ తగ్గుతుంది. అప్పుడు అక్క చదివిన పేరానే మళ్ళీ చదువుతుంది, పదమూడో ఎక్కం సగంలో ఆగిపోతుంది, చిన్నమాటకే విసుక్కుంటుంది. రక్తం ఎక్కిన రెండు రోజులకు అదే అక్క మీ అందరికంటే ముందు లెక్క చేసేస్తుంది, మీరే చూశారు కదా!

ఇంకోటి ఉంది. ఎక్కించే ప్రతి రక్తం సంచిలోనూ సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది, దాన్ని బయటికి పంపే దారి మన ఒంటికి లేదు. అది గుండెలో, కాలేయంలో, మెదడు కింద ఉండే చిన్న పిట్యూటరీ గ్రంథిలో పేరుకుంటుంది. అక్క వయసుకు తగ్గ ఎత్తు పెరగకపోవడానికి అదో కారణం. అందుకే రోజూ ఇనుమును తీసే మాత్రలు వేసుకోవాలి. మన చుట్టాలు ప్రేమతోనే ఖర్జూరాలు, ఐరన్ టానిక్ తెచ్చి పెడుతుంటారు, కానీ ఆమెకు లోటు ఇనుముది కాదు, అది ఇప్పటికే ఎక్కువ. ఇలాంటి పిల్లలను పరీక్షించిన డాక్టర్లు కొందరిలో ఏకాగ్రత, జ్ఞాపకశక్తి, పని చేసే వేగం కాస్త తగ్గుతాయని గమనించారు. రక్తం తక్కువ కావడం, ఇనుము, బడి పోవడం, మనసులో దిగులు, అన్నీ కలిసే అలా చేస్తాయి, ఏది ఎంత అని విడదీయడం కష్టం. అందరికీ అలా కావాలనీ లేదు.

నాకు ఎక్కువ బాధ ఆ దిగులు గురించే. ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ ఆమె ముందే "పాపం, ఎన్నాళ్ళు ఎక్కించాలి?" అని అడుగుతారు. పదిహేనేళ్ళ పిల్ల ఆ మాట ఎన్నిసార్లు వినాలి? ఈ వయసులో చాలామంది పిల్లలు మిగతావాళ్ళలా ఉండాలని మాత్రలు మానేస్తారు, తిట్టినా ఫలితం ఉండదు. మాత్ర వేసుకోలేదని తెలిస్తే రచ్చ చేయకుండా నాకో పెద్దమ్మకో చెప్పండి. రోజుల తరబడి మాట్లాడకుండా, తినకుండా, నిద్రపోకుండా ఉంటే తప్పకుండా చెప్పండి, దానికి కూడా డాక్టర్లున్నారు. వైద్యం సరిగా సాగితే ఈ జబ్బుతోనే చదువుకుని, ఉద్యోగాలు చేసి, పెళ్ళిళ్ళు చేసుకుని పిల్లల్ని కన్నవాళ్ళున్నారు. ఈ సంగతి అక్కకు నేను చెప్పాను, మీరూ తెలుసుకోవాలి.

ఆసుపత్రికి వెళ్ళిన రోజు పాఠం నోట్స్ ఫోన్లో పంపండి. ఆమె ఉన్న టీమ్‌కు పాయింట్లు తక్కువ వచ్చినా ఆటకు ఆమెను ముందే పిలవండి, అలసిపోతే తనే కూర్చుంటుంది, మీరు కూర్చోబెట్టొద్దు.

ఎండాకాలం కాలేజీలకు సెలవులిచ్చేసరికి ఇక్కడ రక్తం దొరకడం కష్టమవుతుంది. పద్దెనిమిదేళ్ళు నిండాక మీలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు మే నెలలో వచ్చి ఇవ్వండి. ముందు మీ నాన్నలు తలసీమియా క్యారియర్ పరీక్ష, అంటే ఆ చెడిన జన్యువు ఒకటి తమలో ఉందేమో చూసే పరీక్ష, చేయించుకోవాలి, వాళ్ళు పెద్దనాయన తోడబుట్టినవాళ్ళు కదా. ఎవరికైనా ఉందని తేలితే ఆ ఇంటి పిల్లలు కూడా పెళ్ళి మాటలు మొదలవక ముందే చేయించుకోవాలి. సంక్రాంతికి వచ్చేలోపు రిపోర్టులు తీసుకురమ్మని ముగ్గురికీ ఫోన్ చేసి చెప్పాను, మీరు రోజూ గుర్తు చేయండి.

మీ జేజి