బడి సన్మానాల లిస్టులో వంటక్క పేరు ఎందుకు లేదు?

ఆగస్టు చివరి వారం వచ్చిందంటే టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ. ఈసారి మన మండలం నుంచి ఎవరు, జిల్లా లిస్టులో ఎవరి పేరుంది, స్టేట్ అవార్డుకి ఎవరి ఫైలు వెళ్ళింది. సెప్టెంబరు 5న కలెక్టర్ గారి చేతుల మీదుగా శాలువా, మెమెంటో, ప్రశంసాపత్రం, మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో ఫొటో. ఇదేమీ తక్కువ సంగతి కాదు. మూలకున్న ఊరి బడిని పాతికేళ్ళు మోసిన సారుకు ఒక శాలువా కప్పితే అది చాలా తక్కువే, ఇంకా చేయాలి. కానీ ఆ లిస్టు ఏటా మొదటి నుంచి చివరి దాకా చదువుతాను. అన్నం వండిపెట్టినవాళ్ళు, గంట కొట్టినవాళ్ళు, బాత్రూములు కడిగినవాళ్ళు అందులో కనపడరు. అడిగితే "అది టీచర్స్ డే కదండీ" అంటారు. నిజమే. మరి వాళ్ళకంటూ ఒక రోజు ఎందుకు రాలేదో తెలుసుకోవాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

టీచర్లకు జాతీయ అవార్డులు మొదలైంది 1958లో. అప్పటికి గురుపూజోత్సవం అనే పండగే లేదు. 1962లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు రాష్ట్రపతి అయ్యారు. శిష్యులు, స్నేహితులు ఆయన పుట్టినరోజు చేస్తామని వస్తే, నా పేరున వద్దు, టీచర్లందరి పేరున చేయండి అన్నారని చెప్పుకుంటారు. అలా సెప్టెంబరు 5 వచ్చింది. ఆయన పుట్టింది తిరుత్తణిలోనైనా ఇంటిపేరు నెల్లూరు జిల్లా సర్వేపల్లి నుంచి వచ్చిందే, 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా కూడా ఉన్నారు, అందుకే మనవాళ్ళకు ఆ రోజంటే కాస్త సొంత భావన ఎక్కువ. అదే 1962లో టీచర్ల సంక్షేమానికి ఒక జాతీయ నిధి కూడా పెట్టారు. మా చిన్నప్పుడు సెప్టెంబరు మొదట్లో బడిలో చిన్న చిన్న కాగితపు జెండాలు చేతిలో పెట్టి ఇంటి నుంచి డబ్బులు తెమ్మనేవాళ్ళు గుర్తుందా, అవి ఆ నిధి కోసమే. టీచర్ కష్టంలో ఉంటే ఆదుకోవడానికి, టీచర్‌ని గౌరవించడానికి అప్పటికే రెండు దారులు ఏర్పడ్డాయన్నమాట. బడిలో మిగతావాళ్ళ కోసం అలాంటి దారి ఒక్కటీ వేయలేదు.

చాలా ఏళ్ళపాటు జాతీయ అవార్డులు ఏటా మూడు వందలకు పైగా ఉండేవి. రాష్ట్ర ప్రభుత్వాలు పేర్లు పంపేవి. దాంతో పైరవీల మాట, యూనియన్ల మాట, "ఫైలు బాగా తయారు చేసుకున్నోళ్ళకే వస్తుంది" అన్న మాట ప్రతి స్టాఫ్ రూమ్‌లో వినపడేది. 2018లో కేంద్రం ఇదంతా మార్చేసింది. టీచర్ తనే ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోవాలి, జిల్లా కమిటీ, రాష్ట్ర కమిటీ వడపోసి పంపితే చివర్లో జాతీయ జ్యూరీ చూస్తుంది. ఆ ఏడాది ఇచ్చిన అవార్డులు 45. వెండి పతకం, ప్రశంసాపత్రం, 50 వేల రూపాయలు. 2023లో కాలేజీ, స్కిల్ ట్రైనింగ్ వాళ్ళను కూడా కలిపి 75 మందికి ఇచ్చారు, అందులో బడి టీచర్లు 50 మంది. సంఖ్య తగ్గడం వల్ల విలువ పెరిగిందనే నా అభిప్రాయం, కాకపోతే తన గురించి తాను రాసుకోవడం చేతగాని సార్లు, వీడియోలు తీసుకోవడం రాని టీచరమ్మలు వెనకబడిపోయారన్నదీ అంతే నిజం.

అసలు విషయం అర్హతల్లో ఉంది. రెగ్యులర్ టీచర్లు, హెడ్మాస్టర్లు మాత్రమే అప్లై చేయాలి. డబ్బులకు ట్యూషన్లు చెప్పేవాళ్ళు పనికిరారు, అది మంచి నిబంధన. కాంట్రాక్ట్ టీచర్లు కూడా పనికిరారు. ఇక్కడే నాకు గుచ్చుకుంటుంది. కస్తూర్బా విద్యాలయాల్లో ఏళ్ళ తరబడి కాంట్రాక్ట్ మీద పనిచేస్తూ, రాత్రి ఆడపిల్లకు జ్వరమొస్తే తనే ఆస్పత్రికి తీసుకెళ్ళే టీచర్లున్నారు. వాళ్ళు టీచర్లే, పాఠం చెప్తారు, పిల్లలు పాసవుతారు, కానీ కాగితం మీద రెగ్యులర్ కాదు కాబట్టి ఆ గుమ్మం దాకా కూడా రాలేరు. పాఠం చెప్పేవాళ్ళ పరిస్థితే ఇదైతే మిగతావాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

అటెండర్ సంగతి వేరు. ఆయన రెగ్యులరే, జీతం, పెన్షన్ ఉన్న ఉద్యోగి. హైస్కూలుకు అటెండర్ పోస్టు ఉంటుంది, ప్రాథమిక పాఠశాలకు ఉండదు. ఆగస్టు 15కో జనవరి 26కో పరేడ్ గ్రౌండ్‌లో అన్ని శాఖల ఉద్యోగులతోపాటు ప్రశంసాపత్రం అందుకునే అవకాశం ఆయనకు కనీసం కాగితం మీదైనా ఉంది. కానీ రిటైరైన చాలామంది అటెండర్ల పోస్టులు మళ్ళీ నింపలేదు. నేను చదివిన జిల్లా పరిషత్ హైస్కూల్లో తాత రిటైరయ్యాక ఆ కుర్చీ అలాగే ఉండిపోయింది.

ఆ తాత గురించి ఒక మాట చెప్పాలి. మా టెన్త్ బ్యాచ్ వాళ్ళం రెండేళ్ళ కింద ఆత్మీయ సమ్మేళనం పెట్టుకున్నాం. ఈ పాతికేళ్ళ కలయికలు ఇప్పుడు మన రెండు రాష్ట్రాల్లో ఊరూరా జరుగుతున్నవే, ఫ్లెక్సీ, శాలువాలు, సార్లకు పాదపూజ, భోజనాలు. లిస్టు రాస్తుంటే మాలో ఒకడు, ఇప్పుడు లారీ నడుపుతున్నాడు, "తాతను పిలవకపోతే నేను రాను" అన్నాడు. వాడికి ఏడో తరగతిలో చెట్టు మీద నుంచి పడి చెయ్యి విరిగితే తాతే సైకిల్ మీద కూర్చోబెట్టుకుని తొమ్మిది కిలోమీటర్లు తొక్కాడట, మాకెవరికీ ఆ సంగతి గుర్తే లేదు. తాత వచ్చాడు. తెల్ల పంచె, మెడలో తువ్వాల. సార్లందరినీ కుర్చీల్లో కూర్చోబెట్టాం, ఆయన మాత్రం ఎంత చెప్పినా కూర్చోడు, "సార్ల పక్కన నేనెట్ల కూసుంట బిడ్డా" అంటాడు. చివరికి మా లెక్కల సారే లేచి చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. వరండాలో వేలాడే ఆ రైలు పట్టా ముక్క ఇంకా అక్కడే ఉంది, ఎలక్ట్రిక్ బెల్ వచ్చినా ఎవరూ తీయలేదు. తాత చేతికి ఇనప కడ్డీ ఇచ్చి లాంగ్ బెల్ కొట్టమన్నాం. నలభై ఏళ్ళు దాటిన మనుషులం, ఒక్కొక్కరం కళ్ళు తుడుచుకున్నాం.

ఇక వంటక్కల దగ్గరికి వద్దాం. ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యమైన ముడి ఇక్కడే ఉంది. దేశంలో మధ్యాహ్న భోజన పథకం 1995 ఆగస్టు 15న మొదలైనా చాలా రాష్ట్రాలు అప్పట్లో పిల్లలకు బియ్యమే ఇచ్చేవి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన అన్నమే పెట్టాలని ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో బడుల్లో పొయ్యిలు వెలిగాయి. వండేది ఎవరు? కొత్తగా ఉద్యోగులను పెట్టుకోలేదు. ఊళ్ళో డ్వాక్రా సంఘాల మహిళలకు పని అప్పగించారు. ప్రభుత్వ కాగితాల్లో వాళ్ళకు పెట్టిన పేరు "ఏజెన్సీ". ఆ మాట అలాగే మనుషులకు అంటుకుపోయింది. ఇవాళ్టికీ బడుల్లో "ఏజెన్సీ వచ్చిందా?", "ఏజెన్సీకి బిల్లు పడిందా?" అంటారు. ఆమె ఎవరికో పెద్దమ్మ, ఎవరికో అక్క, పిల్లలకైతే ఆయమ్మ. రికార్డులో మాత్రం ఆమె మనిషి కాదు, సంస్థ. సంస్థకు హాజరు పట్టీ ఉండదు, సెలవు ఉండదు, రిటైర్మెంట్ ఉండదు. ఉత్తమ ఉద్యోగి అవార్డు ఇవ్వాలన్నా ముందు ఉద్యోగి అయి ఉండాలి కదా.

కేంద్రం లెక్క ప్రకారం ఆమె కుక్ కమ్ హెల్పర్. 25 మంది పిల్లల దాకా ఒకరు, వంద దాకా ఇద్దరు, ఆపైన ప్రతి వందకీ ఇంకొకరు. ఇచ్చేది జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 2009లో నెలకు వెయ్యి రూపాయలుగా పెట్టారు, అదీ ఏడాదికి పది నెలలే. కేంద్రం లెక్కలో అది ఇప్పటికీ వెయ్యే, అందులోనూ కేంద్రం వాటా 600. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో 3 వేలకు పెంచింది, తర్వాత తెలంగాణలోనూ 3 వేలు అయింది. మధ్యలో 2013లో 45వ భారత కార్మిక సదస్సు అంగన్‌వాడీ, ఆశా, మధ్యాహ్న భోజన వర్కర్లందరినీ కార్మికులుగా గుర్తించాలని, కనీస వేతనం, సామాజిక భద్రత ఇవ్వాలని సిఫార్సు చేసింది. ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు ముగ్గురూ కూర్చుని చేసిన సిఫార్సు అది. పదేళ్ళు దాటిపోయింది.

ఆమె పని ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూస్తేగానీ ఈ అంకెలు అర్థం కావు. బియ్యం సర్కారు ఇస్తుంది. పప్పు, నూనె, కూరగాయలు, పోపు సామాను, కట్టెలు లేదా గ్యాస్, వీటన్నిటికీ కలిపి 2025 మే నుంచి ప్రాథమిక తరగతి పిల్లాడికి రోజుకు 6 రూపాయల 78 పైసలు లెక్క. చాలాచోట్ల ముందు ఆమె పెట్టుబడి పెట్టాలి, బిల్లు తర్వాత వస్తుంది, ఆ తర్వాత అనేది రెండు నెలలు కావచ్చు, నాలుగు కావచ్చు. కిరాణా షాపులో ఖాతా, టమాటా రేటు పెరిగినప్పుడు చారులో చింతపండు ఎక్కువ, వడ్డీకి అప్పు. నేను చూసిన ఒక వంటక్క పొద్దున ఎనిమిదింటికే వచ్చి హాజరు ఎంతమందో తరగతి తరగతికీ వెళ్ళి అడుగుతుంది, ఎందుకంటే ఎక్కువ వండితే నష్టం ఆమెదే, తక్కువ వండితే చివర్లో నిలబడ్డ పిల్లాడి ప్లేటు ఖాళీ. పొగకు కళ్ళు ఎర్రగా, చీర కొంగుతో తుడుచుకుంటూ, ఏ పిల్ల గుడ్డు తినదు, ఏ పిల్లాడు ఇంట్లో రాత్రి తినకుండా వస్తాడు అన్నీ ఆమెకు తెలుసు. ఆ పిల్లాడికి రెండోసారి గరిటె నిండుగా పడుతుంది. ఇలాంటి సమాచారం ఏ క్లాస్ టీచర్ రిజిస్టర్లోనూ దొరకదు.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. వంటవాళ్ళ నియామకంలో దళిత, గిరిజన మహిళలకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న ఆదేశించింది. కొన్ని ఊళ్ళలో వాళ్ళు వండితే మా పిల్లలు తినరని పెద్దవాళ్ళు గొడవ చేసిన రోజులున్నాయి. ఆ మాటలన్నీ పడి, మర్నాడు మళ్ళీ వచ్చి పొయ్యి వెలిగించి, నెమ్మదిగా ఊరి పిల్లలందరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టిన ఆడవాళ్ళు వీళ్ళు. దీనికన్నా గొప్ప పాఠం ఆ బడిలో ఇంకెవరు చెప్పారో నాకు తెలీదు.

బడి శుభ్రం చేసేవాళ్ళ కథ ఇంకా కొత్తది, ఇంకా పలచనిది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో అమ్మ ఒడి డబ్బులో పిల్లకు వెయ్యి చొప్పున పక్కన పెట్టి టాయిలెట్ల నిర్వహణ నిధి ఏర్పాటు చేశారు, బడులకు ఆయాలు వచ్చింది దాంతోనే. తెలంగాణలో కొన్నేళ్ళపాటు స్కావెంజర్లు లేక సార్లూ పిల్లలూ చీపుర్లు పట్టారు, 2024లో పిల్లల సంఖ్యను బట్టి నెలకు 3 వేల నుంచి 20 వేల దాకా బడికి ఇచ్చి మనిషిని పెట్టుకోమన్నారు. రెండు చోట్లా డబ్బు బడి నిర్వహణ పద్దులోనే ఉంది. ఫినాయిల్ డబ్బా, చీపురు, ఆయా, అన్నీ ఒకే పద్దు.

వేరే చోట వేరేలా జరిగింది. పక్కనే తమిళనాడులో 1982లో ఎంజీఆర్ బడి భోజన పథకాన్ని విస్తరించినప్పటి నుంచి అన్నం వండేవాళ్ళు ప్రభుత్వ పద్దుల్లో మనుషులుగానే ఉన్నారు, ఇప్పుడు వాళ్ళకు ప్రత్యేక టైమ్ స్కేలు, చిన్నదైనా పెన్షన్ ఉన్నాయి. అమెరికాలో టీచర్లు కాని బడి ఉద్యోగుల కోసమే, అంటే బస్సు డ్రైవర్లు, వంటవాళ్ళు, క్లర్కులు, శుభ్రం చేసేవాళ్ళ కోసం, 2019లో చట్టం చేసి ఒక జాతీయ అవార్డు పెట్టారు. అక్కడ పిల్లల్ని చదివించే మనవాళ్ళకు ఇది తెలిసే ఉంటుంది.

మన దగ్గర చిన్న చిన్న కదలికలు లేకపోలేదు. 2021లో కేంద్రం మధ్యాహ్న భోజన పథకాన్ని పీఎం పోషణ్‌గా మార్చినప్పుడు ఊరి స్థాయి నుంచి జాతీయ స్థాయి దాకా వంట పోటీలు పెట్టమన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి బడి భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు, గోదావరి లంకల్లో ఆకలితో వచ్చినవాళ్ళకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన తల్లి ఆవిడ. తెలంగాణ 2025 నుంచి సావిత్రిబాయి ఫూలే పుట్టినరోజు జనవరి 3ను మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా చేస్తోంది. అంటే కొత్త రోజు పెట్టడం, కొత్త పేరు పెట్టడం ప్రభుత్వాలకు కష్టమైన పనేమీ కాదని తెలుస్తూనే ఉంది.

జాతీయ అవార్డు నిబంధనలు ఢిల్లీలో మారాలి, దానికి టైమ్ పడుతుంది. జిల్లా సన్మానం అలా కాదు, అది కలెక్టర్, డీఈవో స్థాయిలో తేలే పని. అదీ కాకపోతే బడి స్థాయిలో ఎవరి అనుమతీ అక్కర్లేదు. మా బడి వరండాలో "మా ఉపాధ్యాయులు" అని ఫొటోల బోర్డు ఉంటుంది. సమ్మేళనం రోజు మిగిలిన డబ్బుల్లో పన్నెండు వందలు పెట్టి ఆ బోర్డు మళ్ళీ చేయించాం. పైన "మా బడి మనుషులు" అని రాయించాం. తాత పాత పాస్‌పోర్ట్ సైజు ఫొటో ఉంది, ఇప్పుడు వండుతున్న ముగ్గురు అక్కలవి ఉన్నాయి, ఊడ్చే ఆమెది ఉంది. ఫొటో దిగడానికి రమ్మంటే వంటక్కల్లో పెద్దామె ఆగమని చెప్పి ఇంటికెళ్ళి, చీర మార్చుకుని, తలలో పూలు పెట్టుకుని వచ్చింది.