రెండు కాలాల నవలలు: పూర్వీకురాలికీ వారసురాలికీ నడుమ అల్లుకున్న అపోహలు, అసలు వాస్తవాలు

చారిత్రక నవలల రాతప్రతులు చదివి సరిచేయించడం నా వృత్తి. వాటిలో ఒక కోవకు గిరాకీ ఎప్పుడూ తగ్గదు. ఈ కాలపు స్త్రీ ఒకరు, ఎన్నో తరాల వెనకటి ఆమె పూర్వీకురాలు ఒకరు, ఇద్దరి కథలూ పక్కపక్కనే నడుస్తాయి. ఒక పెద్ద కథకు బదులు రెండు చిన్న కథలు చాలు కదా, తేలికే అనుకుంటారు కొత్తగా రాసేవాళ్లు. కానీ లోపల ఉండేవి మూడు. పూర్వీకురాలికి నిజంగా ఏం జరిగింది, అందులో కాగితం మీద ఎంత మిగిలింది, ఆ మిగిలిన ముక్కను చూసి వారసురాలు ఏమనుకుంది. మొదటిది పాఠకులు కళ్లారా చూస్తారు. వారసురాలికి దక్కేది చివరిది మాత్రమే. ఈ రెంటి మధ్య తేడా లేనప్పుడు నవలకు రెండు కాలాలు ఎందుకు? రాతప్రతుల్లో నాకు ఎదురయ్యే అపోహల్లో చాలావరకు ఆ తేడాను చెరిపేసేవే.

అపోహ: రక్తసంబంధం ఉంది కాబట్టి ఇద్దరి మధ్య బంధం దానంతటదే కుదురుతుంది

లెక్క చూద్దాం. ఒక తరం వెనక్కి వెళ్తే ఇద్దరు, రెండు తరాలకు నలుగురు, పది తరాలకు 1,024 మంది, ఇరవై తరాలకు 10,48,576 మంది. ఇవి వంశవృక్షంలో గడులు మాత్రమే. దూరపు చుట్టాల మధ్య జరిగిన పెళ్లిళ్ల వల్ల ఒకే మనిషి పలు గడుల్లో కనిపిస్తారు కనుక అసలు మనుషులు అంతకన్నా తక్కువే ఉంటారు. అయినా నాలుగు వందల ఏళ్ల కిందటి మంత్రసానికి మీ కథానాయిక వారసురాలైతే, అదే దూరంలో ఆమెకు వేలమంది పూర్వీకులు ఉండి తీరతారు. వాళ్లందరిలో ఈ మంత్రసానే ఎందుకు? జవాబు నవలే చెప్పాలి, డీఎన్‌ఏ చెప్పదు. జన్యుపదార్థం తరతరానికీ ముక్కలవుతూ వస్తుంది. పది తరాలు దాటాక ఆ గడుల్లోని చాలామంది నుంచి మనకు ఒక్క ముక్క కూడా వచ్చి ఉండదు. "అదే చూపు, అదే మొండితనం, మెడ మీద అదే పుట్టుమచ్చ" అన్న వాక్యం కనబడగానే నా ఎర్ర పెన్సిల్ దానంతటదే లేస్తుంది.

ఒక మినహాయింపు ఉంది. మైటోకాండ్రియా (కణాల్లో శక్తిని తయారుచేసే భాగాలు) డీఎన్‌ఏ తల్లి నుంచి పిల్లలకు దాదాపు మార్పు లేకుండా వస్తుంది, కూతుళ్ల ద్వారానే ముందుకు సాగుతుంది. 1485లో యుద్ధంలో చనిపోయిన ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ అస్థిపంజరం 2012లో లెస్టర్ నగరంలో ఒక కారు పార్కింగు స్థలం కింద దొరికింది. అది ఆయనదేనని తేల్చడానికి వాడిన ఆధారాల్లో ఇదొకటి. ఆయన అక్క ఆన్ నుంచి తల్లీకూతుళ్ల వరుసలో దిగివచ్చిన నేటి వారసుల నమూనాలతో పోల్చి చూశారు. ఇదే వరుసను నవలలోకి తెస్తే ఏమవుతుంది? పెళ్లితో ఇంటిపేరు మారే సమాజాల్లో ఈ వరుసలో ప్రతి తరానికీ పేరు మారుతుంది. వంశావళులు ఎక్కువగా తండ్రి వరుసను పట్టుకుని నడుస్తాయి కనుక కాగితాల మీద దారి అడుగడుగునా తెగుతుంది. వారసురాలి వెతుకులాటకు ఇంతకన్నా మంచి అడ్డంకి ఏముంటుంది? పుట్టుమచ్చ పెట్టి ఆ అడ్డంకిని మనమే తీసేయడం దేనికి?

(పునర్జన్మ, కలల్లో కనిపించే పూర్వీకురాలు, కాలంలో వెనక్కి ప్రయాణం: ఇవి వేరే కోవ. వాటి జోలికి ఇక్కడ వెళ్లను.)

అపోహ: డైరీ దొరికితే అంతా తెలిసిపోతుంది

డైరీ దొరకడంలో తప్పు లేదు. దొరికిన డైరీ అధ్యాయాలుగా, సంభాషణలతో సహా, నవలలా ఉండడమే తప్పు. అమెరికాలోని మెయిన్ ప్రాంతంలో మార్తా బల్లార్డ్ అనే మంత్రసాని 1785 నుంచి 1812 దాకా, అంటే 27 ఏళ్ల పాటు డైరీ రాశారు. ఆ రోజు వాతావరణం, పురుడు పోయడానికి వెళ్లిన ఇల్లు, ముట్టిన ప్రతిఫలం, రావలసిన బాకీ, నేసిన బట్ట, తోటపని: అందులో ఎక్కువగా ఉన్నవి ఇవే. నమోదైన పురుళ్లు 816. మనసు విప్పిన వాక్యాలు మాత్రం వెతుక్కోవలసిందే. ఒకప్పటి చరిత్రకారులు దాన్ని చిల్లర విషయాల చిట్టా అని పక్కన పెట్టారు కూడా.

నవలకు కావలసింది ఆ చిల్లరే. డైరీలో ఒక పద్దు ఇలా ఉందనుకోండి: "రాత్రంతా వాన. ఏరు దాటలేదు." ఏటి అవతల ఎవరు ఎదురుచూస్తున్నారో, ఆమె ఎందుకు దాటలేదో గత కథలో ఇరవై పేజీల్లో పాఠకులు చూసి ఉంటారు. వారసురాలికి దొరికేవి ఆ రెండు వాక్యాలే. ఆమె వాతావరణ సమాచారం అనుకుని పేజీ తిప్పేస్తుంది. అక్కడ పాఠకుల గుండె కలుక్కుమనాలి. అలా కాకుండా వారసురాలు ఆ రెండు వాక్యాల నుంచి జరిగినదంతా ఊహించేసి కన్నీళ్లు పెట్టుకుంటే, పాఠకులకు చేయడానికి పనేమీ మిగలదు.

అపోహ: సామాన్య స్త్రీల మాట ఎక్కడా నమోదు కాలేదు కనుక ఏదైనా రాసుకోవచ్చు

నమోదైంది. ఎక్కువగా వాళ్లకు కష్టం వచ్చిన చోట. 1320లో దక్షిణ ఫ్రాన్స్‌లో పామియేర్ బిషప్ జాక్ ఫూర్నియే మతద్రోహంపై విచారణలు జరిపాడు (1334లో ఆయనే పన్నెండో బెనెడిక్ట్ పేరుతో పోప్ అయ్యాడు). మోంటైయూ అనే కొండపల్లె రైతులు, కాపరుల వాంగ్మూలాలతో పాటు బియాట్రిస్ ద ప్లానిసోల్ అనే వితంతువు వాంగ్మూలం కూడా మిగిలింది. తన ప్రేమ వ్యవహారాలు, పల్లె పూజారితో సంబంధం, అన్నీ అందులో ఉన్నాయి. ఆమె సామానులో మనవళ్ల బొడ్డుపేగులు దొరికితే అవేమిటని అడిగారు. దావా గెలవడానికి పనికొస్తాయని విన్నట్టు చెప్పింది. ఇలాంటి వివరాన్ని ఏ నవలాకారుడూ కూర్చుని కల్పించలేడు. అయితే ఆమె మాట్లాడింది ఆ ప్రాంతపు ఆక్సిటన్ భాషలో, గుమాస్తా రాసింది లాటిన్‌లో, అదీ "ఆమె ఇలా చెప్పింది" అనే ధోరణిలో. అడిగేవాడు శిక్ష వేయగలవాడు. ఈ రెండు సంగతులూ మరిచి, వాంగ్మూలాన్ని నేరుగా ఆమె గొంతుగా వాడుకున్న రాతప్రతులను నేను వెనక్కి పంపుతాను.

స్త్రీలు కాగితం మీద ఎప్పుడు కనిపిస్తారో కూడా తెలిసి ఉండాలి. ఇంగ్లండ్‌లో 1882 చట్టం వచ్చేదాకా వివాహిత వీలునామా రాయాలంటే మామూలుగా భర్త సమ్మతి కావాలి. అందుకే దొరికే వీలునామాల్లో ఎక్కువ భాగం వితంతువులవీ, పెళ్లికానివారివీ. ఇక సంతకం చోట నిశాని ఉన్నంత మాత్రాన ఆమెకు చదువు రాదని తేల్చకండి. చదవడం ముందు, రాయడం ఆ తర్వాత నేర్పే కాలంలో చదవగలిగి రాయలేని ఆడవాళ్లు చాలామంది ఉండేవారు.

అపోహ: పాత తేదీని ఉన్నది ఉన్నట్టు దించుకుంటే చాలు

ఇంగ్లండ్‌లో 1752కు ముందు అధికారిక సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1700 ఏప్రిల్‌లో పెళ్లి, 1700 ఫిబ్రవరిలో బిడ్డకు బాప్టిజం అని చర్చి రిజిస్టరులో ఉంటే, నేటి కథానాయిక పెళ్లికి ముందే బిడ్డ పుట్టిందని అనుకుంటుంది. నిజానికి ఆ ఫిబ్రవరి పెళ్లయిన పది నెలలకు వచ్చింది, మన లెక్కలో అది 1701. ఈ పొరపాటు కథానాయిక చేస్తే నవలకు మంచి మలుపు. రచయితే చేస్తే పరువు పోతుంది.

అపోహ: వలస వచ్చినప్పుడు ఎల్లిస్ దీవి అధికారులు ఇంటిపేరు మార్చేశారు

అమెరికాకు వలస వచ్చేవారిని తనిఖీ చేయడానికి న్యూయార్క్ రేవులోని ఈ దీవిలో 1892లో తెరుచుకున్న కేంద్రంలో అధికారులు పేర్లు కొత్తగా రాసేవారు కాదు. ఓడ బయలుదేరిన రేవులో తయారైన ప్రయాణికుల జాబితాతో సరిచూసేవారు. పేర్లు మార్చుకున్నది చాలావరకు వలస వచ్చినవారే, అదీ తర్వాతి సంవత్సరాల్లో. పూర్వీకురాలు తన పేరు ఎందుకు మార్చుకుందన్నది కథకు ఎక్కువ పనికొస్తుంది.

అపోహ: పూర్వీకురాలు తన కాలానికి ఎదురు తిరిగిన స్త్రీ అయి ఉండాలి

పాత దుస్తుల్లో నేటి అభిప్రాయాలు మాట్లాడే పాత్ర మీద నాకు ఓపిక తగ్గిపోయింది. వారసురాలిని ఇబ్బంది పెట్టే నమ్మకం ఒక్కటైనా పూర్వీకురాలికి ఉండాలి. అమెరికా దక్షిణ రాష్ట్రాల పాత వీలునామాలు చూడండి. పాత్రలు, పరుపులతో పాటు బానిసలను కూడా పేరు పెట్టి కూతుళ్లకు రాసిచ్చారు. అలా రాసిన వితంతువుకు మీ కథానాయిక వారసురాలైతే, ఆ కాగితాన్ని ఏం చేస్తుంది?

అటువైపు నుంచి కూడా చూడాలి. 1850, 1860 అమెరికా జనగణనల్లో బానిసలను చాలావరకు పేర్లు లేకుండా, యజమాని పేరు కింద వయసు, లింగం, ఒంటి రంగు మాత్రమే రాసి నమోదు చేశారు. నల్లజాతివారందరినీ పేరుతో లెక్కించిన మొదటి జాతీయ జనగణన 1870లోది. అంతకు వెనక్కి బానిసల వారసురాలు తన ముత్తవ్వను వెతకాలంటే, ఆమెను ఆస్తిగా రాసిన వీలునామాలే చాలాసార్లు దిక్కు. ఒక కుటుంబం దాచిపెట్టాలనుకునే కాగితం ఇంకొక కుటుంబానికి తమ మనిషి పేరు దొరికే ఏకైక చోటు కావచ్చు. ఆ ఇద్దరు వారసురాళ్లూ ఒకే దస్తావేజు ముందు కూర్చునే నవల నాకింకా రాలేదు. ఎవరైనా రాస్తే చదవాలని ఉంది.

దీనికి తోబుట్టువు లాంటి అపోహ మరొకటి: పాతకాలంలో అందరికీ పదమూడేళ్లకే పెళ్లి, ముప్పై అయిదుకే వార్ధక్యం. వాయవ్య ఐరోపాలో 17వ శతాబ్దపు సామాన్య స్త్రీలు సగటున ఇరవైల నడిమిలో పెళ్లాడేవారు. సగటు ఆయుర్దాయం తక్కువగా కనిపించడానికి ముఖ్య కారణం శిశుమరణాలు. బాల్యం గట్టెక్కినవారిలో అరవై చూసినవారు అరుదేమీ కాదు.

అపోహ: అధ్యాయాలు ఒకటి విడిచి ఒకటి, సమానంగా ఉండాలి

అలా ఏ నియమమూ లేదు. నేటి కథ అధ్యాయాలను పాఠకులు దాటవేస్తున్నారంటే కారణం పేజీల లెక్కలో లేదు. ఆ స్త్రీకి వెతకడం తప్ప వేరే పని లేకపోవడమే కారణం. తెలుసుకోవడం వల్ల ఆమె పోగొట్టుకునేది ఏదో ఉండాలి: ఆస్తి మీద హక్కు, తండ్రి మీద గౌరవం, తన గురించి తాను చెప్పుకునే కథ. అది ఉంటే నేటి కథ అయిదో వంతే ఉన్నా నిలబడుతుంది. పరీక్షించాలంటే నేటి అధ్యాయాలన్నీ విడిగా తీసి వరుసగా చదవండి. వారసురాలు చివర్లో తీసుకునే నిర్ణయం పూర్వీకురాలి కాగితాలు లేకపోయినా తీసుకోగలిగిందే అయితే, ఆ భాగాన్ని తీసేసి గతాన్నే నవలగా ఉంచడం మేలు.

అపోహ: "పాత్రలన్నీ కల్పితాలు" అని ఒక వాక్యం వేస్తే సరిపోతుంది

ఏ దస్తావేజు నిజంగా ఉంది, ఏ తేదీని కథ కోసం జరిపారు, ఎవరిని కల్పించారు: ఈ మూడూ రచయిత మాటలో విడమరచి చెప్పాలి, రెండు పేజీలు చాలు. పుస్తకం మొదట్లో పెడితే కథ బయటపడిపోతుంది, చివర్లోనే వేయించండి.