అమీర్‌పేటలో మొదలై రాయదుర్గంలో ఆగిన మెరుపు

అమీర్‌పేటలో మెట్రో ఎక్కి ఫోన్‌లో మెసేజ్ చదువుతున్నాను. ఒక మాట మధ్యలో రెండక్షరాలు లేవు. నల్లగా కాదు, మసగ్గానూ కాదు, అసలు లేవు. మన వీపు వెనక ఉన్నది మనకి నల్లగా కనబడదు కదా, కనబడదంతే. అలాంటి ఖాళీ. యూసుఫ్‌గూడ వచ్చేసరికి ఆ ఖాళీ అంచున పట్టుచీర టెంపుల్ బార్డర్‌లా పళ్లు పళ్లుగా ఒక గీత వెలిగి వణకడం మొదలెట్టింది. పెద్దమ్మగుడి దగ్గర అది కొడవలంత అయింది. ఎదుటి సీట్లో ఆయన ముక్కు వైపు చూస్తే కుడి చెంప లేదు. దుర్గం చెరువు దాటాక గీత ఎడమ పక్కకి జరిగి, రాయదుర్గంలో దిగేసరికి చూపు అంచు నుంచి జారిపోయింది. ఇంకో పావుగంటకి కుడి కణతలో సుత్తి దెబ్బలు మొదలయ్యాయి.

మా అమ్మకీ ఇలా వచ్చేది. ‘కళ్లు బైర్లు కమ్మాయి, పైత్యం చేసింది’ అనుకుని అల్లం మురబ్బా తిని పడుకునేది. నేను కాస్త చదువుకున్నదాన్ని కాబట్టి కళ్లద్దాల షాపుకి వెళ్లాను. అక్కడ కొత్త అద్దాలు అంటగట్టారు, మెరుపు మాత్రం మళ్లీ వచ్చింది. చివరికి ఒక కంటి డాక్టరు రెటీనా అంతా చూసి, ‘కంట్లో ఏమీ లేదమ్మా. ఈసారి వచ్చినప్పుడు ఒక్కో కన్ను మూసి చూడండి’ అన్నారు.

చూశాను. కుడి కన్ను మూసినా ఉంది, ఎడమ కన్ను మూసినా ఉంది. రెండూ మూసినా ఉంది! కంట్లో తేడా ఉంటే మామూలుగా ఆ ఒక్క కంటి చూపులోనే కనబడాలి. రెండు కళ్లకీ ఒకే చోట కనబడుతోందంటే అది తల వెనక భాగంలో, మెదడులో చూపుని చదివే చోట జరుగుతున్నట్టు. చాలామంది ‘ఎడమ కన్ను పోయింది’ అంటారు గానీ నిజానికి పోయేది రెండు కళ్ల చూపులోనూ ఎడమ సగం. ఆ సగాన్ని చదివేది కుడి మెదడు.

దీన్ని డాక్టర్లు ఆరా అంటారు. మైగ్రేన్, అదే మన పార్శ్వపు నొప్పి, ఉన్నవాళ్లలో సుమారు నాలుగోవంతు మందికి ఇది ఉంటుంది. 1870లో హ్యూబర్ట్ ఎయిరీ అనే ఇంగ్లిష్ డాక్టరు తన ఆరా ఎలా పెరుగుతోందో బొమ్మలు గీసి అచ్చు వేయించాడు. అతని తండ్రి, ఖగోళ శాస్త్రజ్ఞుడు జార్జ్ ఎయిరీకీ ఇదే వచ్చేది. హ్యూబర్ట్‌కి ఆ పళ్ల గీత కోటగోడలా కనిపించింది. గోల్కొండ బురుజులని పైనుంచి చూస్తే ఎలా ఉంటాయో అలాగన్నమాట. 1941లో కార్ల్ లాష్లీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన మెరుపు జరిగే తీరుని కాగితం మీద గుర్తు పెట్టుకుని, మెదడు పొర మీద ఏదో నిమిషానికి 3 మిల్లీమీటర్ల చొప్పున పాకుతోందని లెక్క కట్టాడు. స్కానింగ్ లేదు, ఏమీ లేదు, వట్టి పెన్సిలు! మూడేళ్లకి, 1944లో, బ్రెజిల్ శాస్త్రవేత్త అరిస్టిడెస్ లెయావ్ కుందేళ్ల మెదడు మీద దాదాపు అదే వేగంతో పాకే అలని రికార్డు చేశాడు.

దీపావళికి కాల్చే వెయ్యివాలా గుర్తుచేసుకోండి. మంట ముందుకి పాకుతుంటుంది, వెనక నిశ్శబ్దం. ఈ అల కూడా అంతే. దాని ముందు వరసలో నాడీకణాలు ఒక్కసారిగా చెలరేగుతాయి, అదే మెరుపు. వెనకవి కాసేపు మూగబోతాయి, అదే ఖాళీ. టపాసులు బూడిదవుతాయి, కణాలు మాత్రం కోలుకుంటాయి. మరి గీత మొదట మెల్లగా, తర్వాత వేగంగా ఎందుకు జరుగుతుంది? హైదరాబాద్ మ్యాప్ గీస్తూ చార్మినార్ చుట్టూ ఉన్న గల్లీలకే సగం కాగితం ఇచ్చేసి, ఔటర్ రింగ్ రోడ్డు దాకా ఊరంతా మిగతా సగంలో ఇరికించామనుకోండి. చూపు మధ్య భాగానికి మెదడు ఇచ్చిన చోటు అలాంటిది. అల వేగం మారదు, మ్యాపే అలా ఉంది.

ఈ నెమ్మదితనమే పక్షవాతానికీ దీనికీ తేడా చెప్పే పెద్ద గుర్తు. ఆరా ఐదు నిమిషాల నుంచి గంట దాకా పాకుతూ పోతుంది. ఠక్కున చూపు పోయినా, మూతి వంకర పోయినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయాల్సిందే. ఒక్క కంటికే వచ్చినా, గంట దాటినా, యాభై దాటాక మొదటిసారి వచ్చినా ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించుకోవాలి. ఆడవాళ్లకి ఇంకో మాట. ఆరా ఉన్నవాళ్లు ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వేసుకుంటే పక్షవాతం ముప్పు పెరుగుతుంది, సిగరెట్టు తోడైతే ఇంకా ఎక్కువ. గైనకాలజిస్టు అడక్కపోయినా మనమే చెప్పాలి.

ఎందుకొస్తుందంటే, నా డైరీలో దొరికిన దొంగలు ముగ్గురు: టిఫిన్ మానేసిన రోజు, నైట్ షిఫ్ట్ మర్నాడు, మే నెల ఎండలో కారు అద్దాల మీంచి కొట్టే తళుకు. చాక్లెట్‌ని కూడా నిందించాను గానీ, ఇప్పుడు అనుమానమే. నొప్పికి ముందురోజే ఆవలింతలు, తీపి మీద యావ వస్తాయి. అంటే చాక్లెట్ తిన్నందుకు మైగ్రేన్ రాలేదేమో, మైగ్రేన్ మొదలైంది కాబట్టే చాక్లెట్ తిన్నానేమో.

మందుల విషయంలో నేను చేసిన తప్పు, ఎడాపెడా మింగడం. మామూలు నొప్పి మాత్రలు నెలకి 15 రోజులు, మైగ్రేన్‌కే ప్రత్యేకంగా ఇచ్చే ట్రిప్టాన్లనే మందులైతే 10 రోజులు వాడుతూ పోతే ఆ మాత్రలే తరచూ తలనొప్పి తెచ్చిపెట్టొచ్చు. ట్రిప్టాన్లు గుండెజబ్బు ఉన్నవాళ్లకి పనికిరావు. వేసుకోవాల్సింది కూడా మెరుపు కనబడినప్పుడు కాదు, నొప్పి మొదలైనప్పుడు. మరీ తరచుగా వస్తుంటే ప్రొప్రనలాల్, టోపిరమేట్ లాంటివి రోజూ ఇస్తారు. ఆస్తమా ఉంటే మొదటిది కుదరదు, గర్భం అనుకుంటుంటే రెండోది కుదరదు కాబట్టి మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే సరుకు కాదివి.

మొన్న మళ్లీ వచ్చింది, ఈసారి స్కూటీ మీద ఉండగా. పక్కకి ఆపి, బండి తాళం బ్యాగులో వేసి, టీ బంకు బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో టైమర్ పెట్టాను. ‘ఏమైందమ్మా?’ అన్నాడు టీ పోసే అబ్బాయి. ‘ఇరవై నిమిషాలు కూర్చుంటానయ్యా’ అన్నాను. ఇరవై రెండు పట్టింది.