గాలిలో కార్బన్ పెరిగితే గడ్డినేలలో నెగ్గేదెవరు?

వరి, గోధుమ వంటి మొక్కలు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను రుబిస్కో అనే ఎంజైమ్‌తో నేరుగా పట్టుకుంటాయి. అలా మొదట తయారయ్యే పదార్థంలో మూడు కార్బన్ పరమాణువులుంటాయి కనుక వీటిని సి3 మొక్కలంటారు. అయితే రుబిస్కో అప్పుడప్పుడు పొరబడి ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. అప్పుడల్లా మొక్క కూడబెట్టుకున్న కార్బన్‌లో కొంత వృథా అవుతుంది. జొన్న, చెరకు, మన చేలగట్ల మీది గరిక సి4 తెగవి. ఇవి కార్బన్ డయాక్సైడ్‌ను ముందు నాలుగు కార్బన్ల ఆమ్లంగా మార్చి, ఆకు ఈనెల చుట్టూ ఉన్న కణాల్లోకి చేరవేసి, అక్కడ రుబిస్కోకు దండిగా అందిస్తాయి కనుక ఆ నష్టం వీటికి దాదాపు ఉండదు.

పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో 280 పీపీఎం (పది లక్షల పాళ్లలో 280 పాళ్లు) ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. ఈ పెరుగుదల వల్ల సి3 గడ్డికే ఎక్కువ మేలు జరుగుతుందని, సి4 గడ్డికి పెద్దగా ఒరిగేదేమీ ఉండదని శాస్త్రవేత్తలు చాలాకాలం భావించారు.

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, సీడర్ క్రీక్‌లో పర్యావరణ శాస్త్రవేత్త పీటర్ రైక్ బృందం 88 మళ్లలో సి3, సి4 గడ్డిజాతులను విడివిడిగా పెంచి, కొన్నిటికి అదనపు కార్బన్ డయాక్సైడ్ అందిస్తూ ఇరవై ఏళ్లు గమనించింది. మొదటి 12 ఏళ్లు అంతా అనుకున్నట్టే సాగింది. తర్వాతి 8 ఏళ్లలో ఫలితం తలకిందులై, అదనపు వాయువుతో సి4 గడ్డి ఏపుగా పెరిగింది, సి3 గడ్డికి ఆ లాభం కనిపించలేదు. 2018లో వెలువడిన ఈ ఫలితంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది నేల సంగతి. మట్టిలోని సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థం నుంచి మొక్కలకు పోషకమైన నత్రజనిని విడుదల చేసే వేగం సి3 మళ్లలో మొదట పెరిగి తర్వాత తగ్గింది, సి4 మళ్లలో దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరిగింది. ఆ ప్రయోగాన్ని పన్నెండో ఏట ముగించి ఉంటే పాత అభిప్రాయమే రుజువైనట్టు లెక్కకు వచ్చేది.

ఈ రెండు తెగలూ ఒకేచోట పెనుగులాడే సహజమైన గడ్డినేలలో నీటి పాత్ర కూడా తోడవుతుంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు ఆకుల మీది పత్రరంధ్రాలు కొంత మూసుకుని నీటిని ఆదా చేస్తాయి. అమెరికాలోనే వర్షం తక్కువగా పడే వయోమింగ్ రాష్ట్రపు గడ్డినేలలో ఈ వాయువును 600 పీపీఎంకు పెంచినప్పుడు సి3 గడ్డికి, వేడిని పెంచినప్పుడు సి4 గడ్డికి మేలు జరిగింది. రెండిటినీ కలిపి పెంచినప్పుడు, వేడికి ఆవిరి కావలసిన తేమ నేలలో నిలిచి, తేమ కొరత బాగా ఉన్న సంవత్సరాల్లో సి4 గడ్డి పుంజుకుంది. రాబోయే కాలంలో వాయువూ వేడీ కలిసే పెరుగుతాయి కాబట్టి, ఒక్క వాయువునే పెంచి చూసిన ప్రయోగాలను నమ్ముకుని పశువుల మేత భవిష్యత్తును అంచనా వేయడం సరికాదు.