జీతం లేని సెమీ ప్రో: వాటర్‌టౌన్ తగవుకు మూలం 1903లో

ఆటగాళ్లకు పైసా ఇవ్వని జట్టును 'సెమీ ప్రొఫెషనల్' (సెమీ ప్రో), అంటే ఆటకు ఎంతో కొంత డబ్బిచ్చే జట్టు, అనవచ్చా? అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానుల మధ్య ఈ తగవు రాజుకున్నప్పుడల్లా న్యూయార్క్ రాష్ట్రపు ఉత్తర కొసన ఉన్న వాటర్‌టౌన్ పేరు రాక తప్పదు. ఆటగాళ్లకు జీతమివ్వని అక్కడి 'రెడ్ అండ్ బ్లాక్' జట్టు 1896లో మొదలైంది. నేటికీ ఆడుతున్న సెమీ ప్రో జట్లలో అన్నిటికన్నా పాతదని దానికి పేరు. ఆ పుట్టుక కథ క్లబ్బు వాళ్లు ఎటూ చెబుతూనే ఉంటారు. నా లెక్కలో అసలు మలుపు 1903 డిసెంబరు.

బ్లాక్ నది ఒడ్డున కాగితం మిల్లులతో కళకళలాడే ఊరు అది. గెలుపు మీద మోజుతో అదీ డబ్బిచ్చి ఆటగాళ్లను తెచ్చుకుంది. న్యూయార్క్ నగరంలోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, ఆరుబయట కాదు, కప్పు కింద, 'వరల్డ్ సిరీస్' పేరిట పోటీలు పెట్టారు. అక్కడ ఎదురైంది పెన్సిల్వేనియాలోని ఫ్రాంక్లిన్ జట్టు. ఊరి జట్టన్నది పేరుకే. పొరుగున ఉన్న ఆయిల్ సిటీని ఓడించాలన్న పంతంతో ఫ్రాంక్లిన్ పెద్దలు పేరున్న ఆటగాళ్లను డబ్బు పోసి ఏరి తెచ్చుకున్నారు. వాటర్‌టౌన్ 12-0తో ఓడింది. అప్పట్లో టచ్‌డౌన్‌కు, అంటే బంతిని ఎదుటి జట్టు గోల్ గీత దాటించినందుకు, 5 పాయింట్లే, ఇప్పటిలా 6 కాదు. కాబట్టి ఆ 12ను చిన్న తేడా అనుకోకూడదు.

డబ్బుతో పోటీకి దిగితే ఇంకా డబ్బున్నవాడు వస్తాడని ఆ ఊరికి అప్పుడే తెలిసింది. గెలిచిన ఫ్రాంక్లిన్ వైభవమూ ఎంతోకాలం నిలవలేదు. ఓడిన జట్టు మాత్రం ఇంకా ఉంది.

జీతం లేకుండా 'సెమీ ప్రో' అన్న పేరు పెట్టుకోవడం జనాన్ని తప్పుదోవ పట్టించడమేనని విమర్శకులు అంటారు. నిఘంటువు వాళ్ల పక్షమే, ఒప్పుకోవాలి. కానీ ఈ ఆటలో 'సెమీ ప్రో' అన్నది చాలాకాలంగా జీతాన్ని సూచించడం లేదు. కాలేజీ వయసు దాటినా కోచ్, లీగ్, మ్యాచుల పట్టికతో పద్ధతిగా ఆడే జట్లన్నిటికీ అదే పేరు. చాలాచోట్ల హెల్మెట్ కూడా ఆటగాడే కొనుక్కోవాలి. వాటర్‌టౌన్ ఎంపైర్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఆడింది. ఊరి మైదానం డఫీ ఫెయిర్‌గ్రౌండ్స్. పనులు నడిపేది స్వచ్ఛంద సేవకులు.

పక్కనే ఉన్న ఫోర్ట్ డ్రమ్ సైనిక స్థావరం నుంచి సైనికులూ వచ్చి ఆడుతుంటారు. బదిలీ ఉత్తర్వు వస్తే జట్టు దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ అయినా సీజన్ మధ్యలో మూటాముల్లె సర్దుకోవలసిందే. అతణ్ణి ఆపడానికి క్లబ్బు దగ్గర చెక్కు పుస్తకం లేదు.