సున్నా అయిన షేరు: డీహెచ్‌ఎఫ్‌ఎల్ వాటాదారులకు కోర్టుల్లో దారి ఎందుకు దొరకలేదు

దివాలా ప్రక్రియలో ఉన్న గృహరుణాల సంస్థ డీహెచ్‌ఎఫ్‌ఎల్‌ను చేజిక్కించుకునేందుకు పిరమల్ గ్రూపు ఇచ్చిన ప్రణాళికకు 2021 జూన్ 7న ముంబై ఎన్‌సీఎల్‌టీ (కంపెనీ, దివాలా కేసులు చూసే ట్రైబ్యునల్) ఆమోదం తెలిపింది. ఆ వార్తకు డీహెచ్‌ఎఫ్‌ఎల్ షేరు అప్పర్ సర్క్యూట్ (ఒక రోజులో పెరగనిచ్చే గరిష్ఠ ధర) తాకింది. వారం తిరగ్గానే, జూన్ 14న, ట్రేడింగ్ నిలిచిపోయింది. చివరి ధర రూ.16 పైచిలుకు, షేర్లు సుమారు 31.4 కోట్లు. మార్కెట్ రూ.500 కోట్లకు పైగా విలువ కట్టిన ఈ వాటాకు ప్రణాళికలో రాసిన విలువ సున్నా. షేర్లన్నీ రద్దు.

ఆ తర్వాత దాఖలైన పిటిషన్లు, నేటికీ సాగుతున్న వాదనలు అర్థం కావాలంటే ముందు ఒక తేడా గుర్తించాలి. వాటాదారు అడిగేవి రెండు. ఒకటి, యజమానిగా మిగిలిన ఆస్తిలో భాగం. రెండు, తప్పుడు లెక్కలు నమ్మి మోసపోయినందుకు పరిహారం. మన చట్టం మొదటిదాన్ని తేల్చిపారేసింది, రెండోదాన్ని సగంలో వదిలేసింది. చాలా పిటిషన్లు ఈ రెంటినీ కలగలిపి రెంటికీ చెడ్డాయి.

పాత పద్ధతిలో ఈ గొడవే రాలేదు. 1985 నాటి సిక్ కంపెనీల చట్టం కింద జబ్బుపడ్డ కంపెనీ, అలాంటి వాటిని చక్కదిద్దాల్సిన బోర్డు బీఐఎఫ్‌ఆర్‌లో ఏళ్లతరబడి నానేది. ప్రమోటర్లు కుర్చీలు వదలరు, బ్యాంకులు ఆస్తులు తాకలేవు, షేరు చితికిపోయినా పేరుకు బతికే ఉండేది. 2016లో వచ్చిన దివాలా స్మృతి పగ్గాలను అప్పులిచ్చినవారి చేతికిచ్చింది. సెక్షన్ 53 వరుస కట్టింది: ముందు ప్రక్రియ ఖర్చులు, ఆపైన కార్మికుల 24 నెలల బకాయిలు, వాటితో సమానంగా తాకట్టున్న రుణదాతలు, తర్వాత మిగతా ఉద్యోగుల 12 నెలల జీతాలు, తాకట్టు లేని రుణదాతలు, ప్రభుత్వ బకాయిలు, ఇతర అప్పులు, ప్రిఫరెన్స్ షేర్లు. అందరి వెనుక ఈక్విటీ.

డీహెచ్‌ఎఫ్‌ఎల్ మీద క్లెయిములు సుమారు రూ.87,000 కోట్లు. కంపెనీలో ఉన్న నగదుతో కలిపి రుణదాతలకు దక్కింది సుమారు రూ.38,000 కోట్లు. అంటే ఇంకో రూ.49,000 కోట్లు వచ్చి పడితే గాని వాటాదారుకు మొదటి రూపాయి రాదు. ఇది అన్యాయమా అన్నది వేరే చర్చ. కోర్టులో ఈ లెక్కను దాటడం మాత్రం కష్టం.

వాటాదారుల సమ్మతి లేకుండా షేర్లెలా రద్దు చేస్తారన్నది మరో వాదన. ప్రణాళిక అమలుకు కంపెనీల చట్టం ప్రకారం వారి ఆమోదం అవసరమైన చోట, ఇచ్చినట్టే భావించాలని దివాలా స్మృతి సెక్షన్ 30 వివరణ చెబుతోంది. డీలిస్టింగ్ (షేరును ఎక్స్ఛేంజీ నుంచి తొలగించడం) సంగతి కూడా అంతే. మామూలుగా రివర్స్ బుక్ బిల్డింగ్‌తో, అంటే ఏ ధరకు అమ్ముతామో వాటాదారులే కోట్ చేసే పద్ధతితో, మంచి ధర రాబట్టుకునే హక్కు చిన్న మదుపరికి ఉంటుంది. దివాలా ప్రణాళికల కింద జరిగే డీలిస్టింగ్‌ను 2018లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆ నిబంధనల నుంచి మినహాయించింది. లిక్విడేషన్ విలువకు (కంపెనీని మూసేసి ఆస్తులమ్మితే షేరుకు దక్కేదానికి) తగ్గకూడదు, ప్రమోటర్లకు ఇచ్చేదానికంటే తక్కువ ఇవ్వకూడదు అన్నవే షరతులు. లిక్విడేషన్ విలువ సున్నా, ప్రమోటర్లకూ సున్నాయే అయితే షరతులు నెరవేరినట్టే!

మరి జనం ఎందుకు కొన్నారు? దివాలా ప్రక్రియలోనే చేతులు మారిన వంటనూనెల సంస్థ రుచి సోయా ఆశ పెట్టిందనే చెప్పాలి. అక్కడ ప్రతి 100 షేర్లను ఒకటి చేసినా లిస్టింగ్ ఉంచారు. 2020 జనవరిలో రూ.16-17 దగ్గర మళ్లీ మొదలైన షేరు జూన్ చివరికి రూ.1,500 దాటింది. ప్రజల చేతిలో ఉన్నది 1 శాతం లోపే కాబట్టి అలా ఎగిరింది. కానీ ఈ సంగతి చూసిందెవరు? కొత్త యజమాని లిస్టింగ్ ఉంచుతాడా, తీసేస్తాడా అన్నది అతని ఇష్టం. హైదరాబాద్‌కు చెందిన ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్‌కు ఆ ప్రశ్నే రాలేదు. ప్రణాళిక కుదరక 2018 ఆగస్టులో లిక్విడేషన్‌కు వెళ్లింది.

డీహెచ్‌ఎఫ్‌ఎల్‌లో అందరి కళ్లూ పడ్డది ఒక్క రూపాయి మీద. పాత యాజమాన్యం హయాంలో మోసపూరితంగా జరిగాయంటున్న సుమారు రూ.45,000 కోట్ల లావాదేవీల నుంచి రాబట్టే సొమ్ముకు ప్రణాళికలో కట్టిన విలువ రూ.1. వసూలైతే పిరమల్‌కే. బాండ్లు కొన్న 63 మూన్స్ దీన్ని సవాలు చేస్తే, 2022 జనవరిలో అప్పీళ్లు వినే ట్రైబ్యునల్ ఎన్‌సీఎల్‌ఏటీ ఆ అంశాన్ని పునఃపరిశీలించమంది. 2025 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసి, రుణదాతల కమిటీ వాణిజ్య నిర్ణయాన్నే నిలబెట్టింది. 63 మూన్స్ గెలిచి ఉన్నా లాభపడేది రుణదాతలే. వాటాదారుల బృందాలు ఆ కేసు మీద అన్ని ఆశలు ఎందుకు పెట్టుకున్నాయో అర్థం కాదు.

ఇక మోసం సంగతి. దీని మూలం ఐటీ సంస్థ సత్యం కంప్యూటర్స్ కుంభకోణంలో ఉంది. 2009 జనవరి 7న రూ.5,040 కోట్ల లేని నగదు చూపినట్టు బయటపడ్డాక, అమెరికాలో షేర్లు కొన్నవారు క్లాస్ యాక్షన్ (బాధితులందరి తరఫున ఉమ్మడి) దావా వేసి కంపెనీ నుంచి 12.5 కోట్ల డాలర్లు, ఆడిటర్ల నుంచి 2.55 కోట్ల డాలర్లు రాబట్టారు. అదే మోసానికి బలైన ఇక్కడి మదుపర్లకు అలాంటి దారి లేదు. ఆ అనుభవం తర్వాతే 2013 కంపెనీల చట్టంలో సెక్షన్ 245 వచ్చింది, 2016 జూన్‌లో అమల్లోకొచ్చింది. లిస్టెడ్ కంపెనీలో 100 మంది సభ్యులు (అంటే వాటాదారులు) లేదా మొత్తం సభ్యుల్లో 5 శాతం, ఏది తక్కువైతే అది, లేదంటే 2 శాతం మూలధనం ఉన్నవారు ఎన్‌సీఎల్‌టీకి వెళ్లొచ్చు. డైరెక్టర్లు, ఆడిటర్లు, సలహాదారుల నుంచి నష్టపరిహారం అడగొచ్చు.

కాగితం మీద బాగానే ఉంది. చిక్కంతా సమయంతో. దివాలా పిటిషన్ స్వీకరించగానే స్మృతిలోని సెక్షన్ 14 మారటోరియం కంపెనీ మీద దావాలను ఆపేస్తుంది. ప్రణాళిక ఆమోదం పొందాక, అందులో లేని పాత క్లెయిములు మాసిపోతాయని 2021 ఏప్రిల్‌లో ఘనశ్యామ్ మిశ్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికి షేర్లు కూడా రద్దవుతాయి గనుక, దరఖాస్తుదారు అసలు సభ్యుడేనా అన్న అభ్యంతరం సిద్ధంగా ఉంటుంది. మిగిలేది వ్యక్తులు. స్మృతిలోని సెక్షన్ 32ఏ పాత నేరాల నుంచి కంపెనీని కాపాడుతుంది గాని, తప్పు చేసిన డైరెక్టర్లను కాదు. అయితే వారి ఆస్తులు అప్పటికే ఈడీ జప్తులో ఉండొచ్చు. పైగా గెలిస్తే వాటా తీసుకునే పద్ధతిలో మన అడ్వకేట్లు ఫీజు మాట్లాడుకోకూడదు. అమెరికా దావాలను నడిపించేదే ఆ పద్ధతి. ట్రైబ్యునల్ మంజూరు చేస్తే ఐఈపీఎఫ్ (మదుపర్ల రక్షణ నిధి) నుంచి ఖర్చులు తిరిగి ఇచ్చే ఏర్పాటు కంపెనీల చట్టం సెక్షన్ 125లో ఉంది. కానీ ముందు చేతి నుంచి పెట్టుకోవాలి.

మోసపోయిన వాటాదారుణ్ని రుణదాతలతో సమానంగా చూసిన దేశం లేకపోలేదు. ఆస్ట్రేలియా హైకోర్టు (అక్కడ అదే అత్యున్నత న్యాయస్థానం) 2007లో సన్స్ ఆఫ్ గ్వాలియా కేసులో అలాగే తీర్పిచ్చింది. 2010లో అక్కడి పార్లమెంటు చట్టం మార్చి ఆ తీర్పును పక్కన పెట్టేసింది.

ప్రణాళిక మీద అప్పీలుకు వెళ్లేవారు ఎక్కువగా బోల్తాపడేది గడువు దగ్గర: 30 రోజులు, తగిన కారణం చూపితే మరో 15. ఆ పైన ఒక్క రోజు కూడా మన్నించే అధికారం ఎన్‌సీఎల్‌ఏటీకి లేదు. స్మృతి సెక్షన్ 61(3)లోని ఐదు కారణాల్లో ఒకటి చూపాలి. ‘ధర తక్కువ’ అన్నది వాటిలో లేదు. దివాలా ప్రక్రియలో క్లెయిము వేయడానికి వాటాదారుకంటూ ఫారం కూడా లేదు. కొత్త కంపెనీలో కనీసం 5 శాతం కొనుక్కునే అవకాశం పాత పబ్లిక్ వాటాదారులకు ఇవ్వాలని 2022 నవంబరులో సెబీ చర్చాపత్రం పెట్టింది. అది వచ్చి ఉంటే ఈ కేసులు కొన్నయినా తగ్గేవి.

పన్ను లెక్కలో కాస్త ఊరట ఉండొచ్చు. మూలధనం తగ్గింపులో షేర్లు పోతే అదీ బదిలీయేనని, నష్టం చూపొచ్చని 2025 జనవరిలో జూపిటర్ క్యాపిటల్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. కానీ అక్కడ కొంత సొమ్ము చేతికొచ్చింది. పూర్తిగా సున్నాకు రద్దయిన షేర్ల విషయంలో అసెసింగ్ ఆఫీసర్ అడ్డుపడే వీలుంది. ట్రేడింగ్ ఆగకముందే ఎంతో కొంతకు అమ్మినవారికైతే ఆ పేచీ ఉండదు.