అంగారకుడి ఎరుపు: అది ఏ తుప్పు?

అంగారకుడు ఎర్రగా ఉండేది తుప్పు వల్లేనని స్కూల్లోనే చదువుకున్నాం. ఆ తుప్పు ఏ రకం అన్నదే 2025 ఫిబ్రవరిలో మళ్లీ చర్చకొచ్చింది. ఇన్నాళ్లూ అనుకున్నట్టు పొడి వాతావరణంలో ఏర్పడిన హెమటైట్ కాదనీ, నీటిని తనలో పట్టి ఉంచుకునే ఫెర్రిహైడ్రైట్ అనీ 'నేచర్ కమ్యూనికేషన్స్' పత్రికలో ఒక పరిశోధక బృందం రాసింది. అదే నిజమైతే ఆ గ్రహం ఎర్రబడింది ఎండిపోయాక కాదు, నీళ్లుండగానే.

ఇంత మాట అనడానికి వాళ్ల దగ్గర ఆ మట్టి చిటికెడు కూడా లేదు. ఉన్నది వెలుగు ఒక్కటే. మట్టి మీద పడిన ఎండ తిరిగొచ్చేటప్పుడు ఒక్కో ఖనిజం అందులోంచి కొన్ని తరంగాల్ని మింగేస్తుంది. ఏవి తగ్గాయో చూసి ఖనిజమేదో పోల్చుకుంటారు.

ఈ పోల్చుకోవడంలో పాత దెబ్బలు చాలానే ఉన్నాయి. 1958లో విలియం సింటన్ అనే ఖగోళ శాస్త్రవేత్త అమెరికాలోని పాలోమార్ అబ్జర్వేటరీలో 200 అంగుళాల టెలిస్కోపుతో చూస్తే, అంగారకుడి పరారుణ కాంతిలో అచ్చం మొక్కలకుండేలాంటి లోటు కనిపించింది. అక్కడ పచ్చదనం ఉందేమోనని ఆశ పుట్టింది. తీరా 1965లో తేలిందేమిటంటే, ఆ గుర్తుల్లో ముఖ్యమైనవి మన గాలిలోనే ఉన్న ఒక రకం బరువైన నీటి ఆవిరివి! ఆ సంగతి చెప్పినవాళ్లలో సింటన్ కూడా ఉన్నాడు. అది నాకు బాగా నచ్చింది.

మన గాలి అడ్డు లేకుండా చూడాలంటే అక్కడికే వెళ్లాలి. 1997లో అంగారకుణ్ణి చేరిన మార్స్ గ్లోబల్ సర్వేయర్ అనే నాసా నౌక, మెరిడియాని మైదానంలో బూడిదరంగు హెమటైట్ ఉందని కక్ష్యలోంచే పట్టేసింది. ఎర్ర దుమ్ములో ఉందనుకున్న హెమటైట్‌లా కాదు, ఈ బూడిదరంగుది చాలాసార్లు నీటి దగ్గరే పుడుతుంది కాబట్టి 2004 జనవరిలో ఆపర్చునిటీ రోవర్‌ని అక్కడే దించారు. దిగిన చిన్న గుంటలో నేలంతా మిరియాలు ఆరబోసినట్టు గుండ్రటి గింజలు. రాయి అరిగిపోతుంటే రాలి, గాలికి ఎగిరిపోకుండా పైనే మిగిలినవి. వాటినిండా హెమటైటే.

ఆ నెలలోనే గుసేవ్ బిలంలో దిగిన స్పిరిట్ రోవర్‌కి మాత్రం కథ అడ్డం తిరిగింది. ఆకారం చూసి ఒకప్పటి సరస్సు అనుకున్నారు. దిగాక చూస్తే లావా రాళ్లు. 2006లో దాని ముందు చక్రం ఒకటి పనిచేయడం మానేసింది. ఇక ఆ చక్రాన్ని ఈడ్చుకుంటూనే తిరిగింది. 2007లో ఆ చక్రం నాగలిచాలులా గీసిన గాట్లో తెల్లటి మట్టి బయటపడింది. దాదాపు 90 శాతం సిలికా! వేడి నీళ్లో, ఆవిరో తగిలిన చోటే అలాంటిది ఏర్పడుతుంది. కక్ష్యలోని పరికరాలకి అది అందలేదు. వెలుగుకి తెలిసేది పైపొరే కదా, ఆ పైన దుమ్ము వేరే.

ఫెర్రిహైడ్రైట్ వాదానికీ ఇదే చిక్కు. లావా రాతిని మెత్తగా నూరి, ఈ తుప్పు కలిపి, కక్ష్యలోంచి వచ్చిన కాంతితో సరిపోల్చారు. బాగానే కలిసింది. కానీ మట్టి చేతికొస్తే గానీ పంచాయితీ తెగదు. 2022 డిసెంబరులో పర్సివరెన్స్ రోవర్ జెజెరో బిలం దగ్గర ఆ మట్టిని రెండు గొట్టాల్లోకి ఎత్తి మూత వేసింది. ఆ గొట్టాలు ఇంకా అక్కడే ఉన్నాయి.